కొడుకు పోయాక కోడలు మనవణ్ణి చూడనివ్వకపోతే చట్టంలో దారి ఉందా?

కొడుకు చనిపోయాక కోడలు ఆరేళ్ల బాబుతో పుట్టింటికి వెళ్లిపోయింది, ఫోనులో కూడా మాట్లాడనివ్వడం లేదు, కోర్టుకెళ్తే బాబును మాకు ఇప్పిస్తారా అని అడిగారు. తల్లి బాగా చూసుకుంటుంటే ఇప్పించరండీ. 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం ప్రకారం తండ్రి తర్వాత సహజ సంరక్షకురాలు తల్లే. హెబియస్ కార్పస్ (అక్రమంగా ఉంచుకున్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేద్దామని ఎవరైనా చెప్పినా డబ్బు దండగ. కానీ బాబును కలిసే అవకాశం కోర్టు ఇవ్వగలదు. అదే అడగండి. కస్టడీ అన్నారంటే బిడ్డను లాక్కుంటారని ఆమె భయపడుతుంది, రాజీ దారి మూసుకుపోతుంది.

ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు లేకుండానే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. నానమ్మ పేరున దరఖాస్తు పెడితే ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

కుదరకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్, అంటే అసలు కేసు) వేయాలి. బాబు ఉంటున్న ఊరి ఫ్యామిలీ కోర్టులో, అది లేకపోతే జిల్లా కోర్టులో. చాలామంది తమ ఊళ్లో వేసి, పరిధి లేదని వెనక్కి తెచ్చుకుంటారు. ఓ.పి.తో పాటే మధ్యంతర ఐ.ఏ. (కేసు నడుస్తుండగానే ఆదేశం అడిగే దరఖాస్తు) వేయించండి, లేకపోతే కేసు తేలేదాకా బాబు ముఖం చూడలేరు. అందులో "చూడనివ్వాలి" అంటే చాలదు. "రెండో, నాలుగో ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా, బుధవారం రాత్రి 7కి 15 నిమిషాల వీడియో కాల్" అని గంటలతో సహా రాయించండి. మొదట్లో కోర్టు ఆవరణలోనే కలవమన్నా ఒప్పుకోండి. అబ్బాయి డెత్ సర్టిఫికెట్, బాబు బర్త్ సర్టిఫికెట్, మీరు కట్టిన స్కూలు ఫీజు రసీదులు జత చేయండి.

ఎక్కువ కేసులు చెడేది ఆస్తి దగ్గర. వీలునామా లేకపోతే మీ అబ్బాయి ఆస్తికి భార్య, బిడ్డ, తల్లి ముగ్గురూ మొదటి తరగతి వారసులు. కోడలి, బాబు వాటా ఆపి బాబును చూపించమంటే జడ్జి ముందు మీ మాట తేలిపోతుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని బాబు ఇంటిపేరు మార్చినా ఆ జోలికి వెళ్లకండి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 2022లో సుప్రీంకోర్టు ఆ హక్కు తల్లిదేనంది.

తల్లీ లేకపోతే సంగతి వేరు. కరోనాలో అమ్మానాన్నలిద్దర్నీ పోగొట్టుకున్న ఓ బాబును 2022లోనే సుప్రీంకోర్టు తల్లి తోబుట్టువుకు కాదని నానమ్మ, తాతయ్యలకే అప్పగించింది.

కలిసినప్పుడు బాబును అమ్మ గురించి ఏమీ గుచ్చి అడగకండి. జడ్జి గారు ఛాంబర్‌లో పిల్లాడితో విడిగా మాట్లాడవచ్చు, అప్పుడు వాడు ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు.