నాకౌట్ అయితేనే గొప్ప ఫైటా? ముందు ఓడినవాణ్ని చూడండి

నాకౌట్‌తో ముగిస్తేనో, రక్తం కారితేనో గొప్ప ఫైట్ అనేస్తారు కదా, అసలు ఒక బాక్సర్ ఆట నిజంగా గొప్పదని దేన్ని బట్టి చెప్పాలి అని మీ ప్రశ్న. నేను ఒక్కటే చూస్తాను. ఓడినవాడు తనకు బాగా వచ్చిన పనిని ఏ రౌండ్ నుంచి మానేశాడు? ఎందుకు మానేశాడు? ఆ ఎందుకుకి జవాబు గెలిచినవాడి చేతుల్లోనో కాళ్లలోనో కనిపిస్తే అది గొప్ప ఆట. కనిపించకపోతే మంచి గెలుపు, అంతవరకే.

2001 సెప్టెంబర్ 29, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. బెర్నార్డ్ హాప్కిన్స్, ఫెలిక్స్ ట్రినిడాడ్. ట్రినిడాడ్ అప్పటికి 40 ఫైట్లు ఆడి ఒక్కటీ ఓడలేదు, పందేలు కూడా అతని వైపే. అతని బలమంతా లెఫ్ట్ హుక్, అంటే ఎడమ చేయి వంచి పక్కనుంచి కొట్టే పంచ్. హుక్‌కి జోరు చేతిలోంచి రాదు. పాదాలు నేలమీద కుదురుకోవాలి, తుంటి తిరగాలి. ఆ కుదురుకునే అర క్షణమే హాప్కిన్స్ ఇవ్వలేదు. జాబ్ (ముందు చేత్తో వేసే చురుకైన సూటి పంచ్) వేస్తాడు, పక్కకి జరుగుతాడు. ట్రినిడాడ్ అటు తిరిగి కాళ్లు సర్దుకునేలోపు రైట్ హ్యాండ్ వచ్చేస్తుంది. మరీ దగ్గరికొస్తే పట్టేసుకుంటాడు. 10వ రౌండ్ చివర్లో ట్రినిడాడ్ తూలాడు. 12వ రౌండ్‌లో కింద పడ్డాక అతని ట్రైనర్, అంటే సొంత తండ్రే, రింగ్‌లోకి వచ్చేశాడు. హైలైట్స్‌లో ఆ ఆఖరి రైట్ హ్యాండ్ వేసి చూపిస్తారు. దానికి ముందు 11 రౌండ్ల పాటు కాళ్లు చేసిన పని ఎవరూ చూపించరు.

చూడటానికి ఒక పద్ధతి చెప్తాను. ముందు సౌండ్ పూర్తిగా తీసేయండి. జనం అరుపుల్లో గ్లౌజుకి తగిలిన పంచ్ కూడా దవడకి తగిలినట్టే అనిపిస్తుంది. 12 రౌండ్లూ అక్కర్లేదు, 1, 4, 7, 10 చాలు. ఓడినవాడి మీదే కన్నుంచి, కాగితం మీద మూడు లెక్కలు రాయండి: ఎన్ని జాబ్‌లు వేశాడు, వేయబోయి ఎన్నిసార్లు ఆగాడు, వేశాక ఎటు కదిలాడు. భుజం కదిలి చేయి రాకపోతే ఆగినట్టు లెక్క. ఈ రెండో అంకె రౌండ్ రౌండ్‌కీ పెరుగుతోందంటే అవతలివాడు అతని ధైర్యాన్ని తినేస్తున్నాడన్నమాట. ఆ తర్వాత అవే రౌండ్లు మళ్లీ వేసి గెలిచినవాణ్ని చూడండి. తెరమీద కనిపించే మొత్తం పంచ్‌ల సంఖ్యని మాత్రం నమ్ముకోకండి, తాకిన పంచూ కదిలించిన పంచూ అందులో ఒకటే.

ఫెయింట్ (ఒకటి వేస్తున్నట్టు చూపించి ఇంకోటి వేసే మోసం) ఎలా పనిచేస్తుందో దగ్గర్నుంచి చూడాలంటే 2023 జులై 25న టోక్యోలో నవోయా ఇనోవే, స్టీఫెన్ ఫుల్టన్ ఫైట్ పెట్టుకోండి. ఫుల్టన్ పొడగరి, చేతులూ పొడుగే, అప్పటిదాకా ఓటమి లేదు. ఇనోవేకి ఆ బరువు విభాగంలో అదే మొదటి ఫైట్. పొడగరి మీద తలకి సూటిగా కొడదామంటే అందదు. అందుకని ఇనోవే మోకాళ్లు వంచి పొట్టకి జాబ్ వేస్తూ పోయాడు. ఆ జాబ్‌తో ఎవరూ పడిపోరు. కానీ నాలుగుసార్లు తగిలాక, మోకాలు వంగడం కనిపిస్తే చాలు, చేయి దానంతట అదే కిందికి పోతుంది. 8వ రౌండ్‌లో పొట్టకి జాబ్ వేసి, ఆ వెనకే రైట్ హ్యాండ్ తలకి పంపాడు. ఫుల్టన్ తడబడ్డాడు. కోలుకునేలోపే ఎగిరొచ్చిన లెఫ్ట్ హుక్‌తో కింద పడ్డాడు. లేచాడు కానీ మరికొన్ని పంచ్‌లకే రిఫరీ ఆపేశాడు. పడగొట్టింది హుక్కే, కానీ ఆ దారి తెరిచింది పొట్టకి పోయిన జాబ్‌లు.

అందరూ తప్పుగా అర్థం చేసుకునేది 1974లో కిన్షాసాలో ముహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ ఆడిన ఫైట్. తాళ్లకి ఆనుకుని దెబ్బలు తింటూ ఫోర్‌మన్‌ని అలసిపోయేలా చేశాడు అలీ, అంతే కదా అంటారు. అదే నిజమైతే ఎవరైనా గెలిచేవాళ్లు. మొదటి రౌండ్ మళ్లీ చూడండి: అలీ జాబ్ లేకుండా నేరుగా రైట్ హ్యాండ్ వేస్తున్నాడు. వెనక చేయి దూరం నుంచి రావాలి కాబట్టి ఫోర్‌మన్ లాంటివాడి ముందు అది పెద్ద సాహసం, అతను దాన్ని ఊహించలేదు. తాళ్ల దగ్గరికి చేరాక కూడా అలీ ఊరికే లేడు. నడుము దగ్గర్నుంచి వెనక్కి వాలి తలని అందకుండా ఉంచాడు, పొట్టకి వచ్చేవాటిని మోచేతులతో ఆపాడు, దగ్గరికొస్తే మెడ పట్టి కిందికి లాగాడు. రౌండ్ ముగిసే ముందు సూటి పంచ్‌లతో మొహం మీద కొట్టాడు. 8వ రౌండ్‌లో నాకౌట్ చేసే సమయానికి ముగ్గురు జడ్జీల స్కోరు కార్డుల్లోనూ ముందున్నది అలీనే. జిమ్‌లో కుర్రాళ్లు దీన్ని అనుకరించి రెండు రౌండ్లలో పక్కటెముకలు పట్టుకుని కూర్చుంటారు. తాళ్లకి ఒరగడం తెలుసు, మోచేయి ఎక్కడుండాలో తెలీదు మరి.

ఇంతకీ ఎదుటివాడు ఆ రాత్రి ఏ స్థితిలో ఉన్నాడు? దీన్ని వదిలేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. 1966 నవంబర్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్ మీద అలీ ఆడింది కంటికి ఎంత ఇంపుగా ఉంటుందో చెప్పలేం. కానీ అంతకు రెండేళ్ల ముందు విలియమ్స్‌ని ఒక పోలీసు తుపాకీతో కాల్చడంతో, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు జరిగాయి. ఆ వేగానికి చప్పట్లు కొడతాను కానీ కిన్షాసా పక్కన పెట్టను. అలాగే 1988లో మైక్ టైసన్ 91 సెకన్లలో మైకేల్ స్పింక్స్‌ని ముగించాడు. భయంకరమైన గెలుపు, కానీ పరీక్ష జరగలేదు కదా, ఏమని మార్కులేస్తాం?

ఫలితాన్ని కూడా కొలతగా తీసుకోకండి. 1993 సెప్టెంబర్‌లో శాన్ ఆంటోనియోలో పెర్నెల్ విటేకర్, హూలియో సీజర్ చావెజ్ ఫైట్ డ్రా అన్నారు. విటేకరే గెలిచాడని చూసినవాళ్లలో ఎక్కువమంది మాట, నాదీ అదే. చావెజ్ సామ్రాజ్యమంతా దగ్గరి పోరు, పక్కటెముకల మీద లెఫ్ట్ హుక్. తప్పించుకు తిరుగుతాడనుకున్న విటేకర్ అక్కడికే వెళ్లి, భుజానికి భుజం ఆనించి, అతని కంటే ముందు కొట్టాడు. స్కోరింగ్‌లో ఒక రౌండ్ కొద్ది తేడాతో గెలిచినా, చిత్తుగా గెలిచినా అది సాధారణంగా 10-9 మాత్రమే, అంటే గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. అలాంటి కార్డు గొప్పతనాన్ని ఎక్కడ పట్టుకుంటుంది?

ఈ లెక్కలు కట్టడం మొదలుపెట్టేవాళ్లకి 1990 ఫిబ్రవరి 11, టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో టైసన్ ఓడిన ఫైట్ మంచిది. టైసన్ తల వంచి లోపలికి దూరే ప్రయత్నాలు స్పష్టంగా కనిపిస్తాయి, లెక్కపెట్టడం తేలిక. డగ్లస్ చేతులు 12 అంగుళాలు ఎక్కువ పొడుగు. జాబ్ మీద జాబ్ వేసి గుమ్మంలోనే ఆపాడు, దూరితే పట్టేసుకున్నాడు. టైసన్ కార్నర్‌లో (రౌండ్ల మధ్య అతన్ని చూసుకునే మనుషుల దగ్గర) వాపు తగ్గించే సరైన ఇనుప పనిముట్టు కూడా లేక, రబ్బరు గ్లవ్‌లో ఐసు నీళ్లు నింపి కంటి మీద పెట్టారు. 8వ రౌండ్ చివర టైసన్ అప్పర్‌కట్‌కి (కిందినుంచి పైకి కొట్టే పంచ్‌కి) డగ్లస్ పడిపోయి లేచాడు. అక్కడ ఆపకుండా 9వ రౌండ్ మొదటి నిమిషం చూడండి. ముగించేద్దామని టైసన్ మీదికొస్తున్నాడు, డగ్లస్ జాబ్ మాత్రం ఆగలేదు. ఆ రౌండ్ ముగిసేసరికి తాళ్ల దగ్గర దెబ్బలు తింటున్నది టైసన్.