నైట్ డ్యూటీ దిగి చేయించుకున్న కార్టిసాల్ పరీక్షను నమ్మొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఐసీయూలో స్టాఫ్ నర్సును. కొవిడ్ రెండు దశల్లోనూ వెంటిలేటర్ రోగుల దగ్గరే డ్యూటీ చేశాను. ఇప్పటికీ నెలకు ఎనిమిది, పది నైట్లు పడతాయి. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా, ఎక్కడైనా బీప్ మన్నా గుండె దడదడలాడుతుంది. ఊపిరాడక ఆయాసపడిన రోగుల ముఖాలు కలలోకి వస్తాయి. ఆ వార్డున్న అంతస్తుకు వెళ్లాలంటే లిఫ్టు దగ్గరే కాళ్లు ఆగిపోతాయి. స్ట్రెస్ హార్మోన్ చూపించుకోమని తోటివాళ్లు అంటే, నైట్ దిగి ఉదయం 9 గంటలకు రక్తం ఇచ్చాను. కార్టిసాల్ 4.8 వచ్చింది, రిపోర్టులో 'తక్కువ' అని ఉంది. ఒత్తిడికి నా అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నాయా?
– ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ 4.8 సంగతి చూద్దాం. కిడ్నీల పైన కూర్చుని కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు ఒత్తిడికి 'అలసిపోతాయి' అన్న మాట సోషల్ మీడియాలో బాగా తిరుగుతోంది గానీ ఎండోక్రినాలజీలో (హార్మోన్ల వైద్యంలో) అలాంటి జబ్బేదీ లేదు. కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి నిద్రపోయి లేచేవారిలో తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, లేచాక అరగంట, ముప్పావు గంటకు ఇంకాస్త ఎగసి, సాయంత్రానికి సగానికి దిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. రిపోర్టులో ఉండే 'నార్మల్' అంకెలు ఇలా నిద్రపోయి లేచినవారివి. రాత్రంతా మేలుకున్న మనిషి 9 గంటలకిచ్చిన రక్తాన్ని వాటితో పోలిస్తే లెక్క తప్పుతుంది.

అలాగని పక్కన పడేయకండి. వరుసగా మూడు రాత్రులు ఇంట్లో పడుకునేలా ఆఫ్ గానీ డే డ్యూటీలు గానీ చూసుకుని, నాలుగో రోజు ఉదయం 8 గంటలకు మళ్లీ రక్తం ఇవ్వండి. డెసీలీటరుకు 15 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి లోపం దాదాపు లేనట్టే. 3 కంటే తక్కువైతే ఎండోక్రినాలజిస్టును వెంటనే కలవాలి. మధ్యలో ఉంటే, అడ్రినల్ గ్రంథిని పని చేయించే ఏసీటీహెచ్ హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, అరగంటకు, గంటకు రక్తం తీసి తేలుస్తారు. బరువు తగ్గిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, తరచూ వాంతులు, చిగుళ్లు నల్లబడటం ఉంటే మాత్రం ఈ మూడు రాత్రులూ ఆగొద్దు.

ఇంకొకటి గుర్తు చేసుకోండి. తామరకని మందుల షాపులో కొని నెలల తరబడి రాసుకున్న క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్ క్రీమ్, కీళ్లలో చేయించుకున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఉన్న ఆస్తమా ఇన్‌హేలర్, ఈ మధ్య వాడిన ప్రెడ్నిసలోన్ మాత్రలు... వీటిలో ఏదైనా ఉంటే కార్టిసాల్ తక్కువ రావడానికి అదే కారణం కావచ్చు. అలాంటివాళ్లు భయపడి స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపడం మరీ ప్రమాదం. గర్భనిరోధక మాత్రలైతే అంకెను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. జుట్టు రాలుతోందని చాలామంది వేసుకునే బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో లెక్కను తారుమారు చేస్తుంది, పరీక్షకు మూడు రోజుల ముందు ఆపండి.

అసలు బాధ ఆ అంకెలో లేదు. అలారం మోగగానే అడ్రినలిన్ క్షణాల్లో రక్తంలోకి దూకి రెండు, మూడు నిమిషాల్లోనే సగానికి తగ్గుతుంది. గుండె దడ దానిదే. కార్టిసాల్ నెమ్మదైనది, 20, 30 నిమిషాలకు గానీ పతాకస్థాయికి రాదు. వచ్చాక అదే మెదడుకు వెళ్లి 'ఇక చాలు' అని చెప్పాలి. నెలల తరబడి ఒక అలారం ఆగేలోపు మరొకటి మోగుతూ ఉంటే ఈ అమరిక గాడి తప్పుతుంది. దీర్ఘకాలం నలిగినవారిలో కొందరికి కార్టిసాల్ ఎక్కువుంటుంది, కొందరికి మామూలుగానే ఉంటుంది, భయానక అనుభవాల తర్వాతి ఒత్తిడిలో తక్కువగా ఉన్నవారూ ఉన్నారు. అందుకే ఒక్క రక్త పరీక్షతో ఒత్తిడిని కొలవలేం. నార్మల్ వచ్చినా మీ బాధ అబద్ధమైపోదు.

కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడటం పిచ్చీ కాదు, పిరికితనమూ కాదు. పీపీఈ కిట్‌లో గంటలకొద్దీ నీళ్లు తాగకుండా నిలబడి, 'బీప్ అంటే ఎవరికో ఆక్సిజన్ పడిపోతోంది' అని మీ మెదడు నేర్చుకుంది. అప్పుడది ప్రాణాలు కాపాడిన పాఠం, దాన్నిప్పుడు వంటింట్లోనూ అప్పజెబుతోంది. పీడకలలు, ఆ అంతస్తు తప్పించుకోవడం, ఉలికిపాటు నెలకు మించి ఉండి బతుకుకు అడ్డం పడుతున్నాయంటే పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత వదలని ఒత్తిడి జబ్బు) ఉందేమో చూపించుకోవాల్సిందే. పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం ఇస్తారు. మొత్తం మార్కులు 31–33 దగ్గరో పైనో వస్తే సైకియాట్రిస్టు కూర్చుని వివరంగా అడిగి నిర్ధారిస్తారు.

దీనికి మంచి చికిత్స ఉంది. ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ అనే మాటల చికిత్స, వారానికొకటి చొప్పున 8 నుంచి 12 సిట్టింగులు. లిఫ్టు దగ్గర ఆగిపోయే కాళ్లకు కూడా అక్కడే మెట్టు మెట్టుగా అలవాటు చేస్తారు: మొదట ఆ అంతస్తు బటన్ నొక్కి తలుపు తెరుచుకునేదాకా, తర్వాత వరండా దాకా, భయం సగానికి తగ్గేవరకు అక్కడే నిలబడి. భయం పతాకస్థాయిలో ఉండగా వెనక్కి తిరిగితే అది ఇంకా బలపడుతుంది. అందుకే ఒంటరిగా మొదలుపెట్టొద్దంటున్నాను. కలలోకి వచ్చే ఆ ముఖాల వెనక 'నేను సరిగ్గా చూసుకోలేదేమో' అన్న మాట దాగుంటే థెరపిస్టుకు తప్పక చెప్పండి. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. ఆ రోజుల్లో మీ చేతిలో ఎందరున్నారో లెక్కపెట్టుకోండి.

మందు అవసరమైతే కుంగుబాటు, ఆందోళన తగ్గించే సెర్ట్రలీన్ లాంటివి ఇస్తారు. మొదటి వారం వికారం ఉండొచ్చు, గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మత్తునిచ్చే ఆల్ప్రాజొలామ్ మాత్ర మాత్రం వద్దు. మీ వృత్తిలో అది తేలిగ్గా దొరుకుతుందనే గట్టిగా చెబుతున్నాను. నిద్ర పడుతుంది, భయం అలాగే ఉంటుంది, రెండు నెలల్లో మాత్ర లేనిదే కన్ను మూతపడదు. కార్టిసాల్ తగ్గిస్తాయని అమ్మే పొడులూ కొనకండి. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి.

డ్యూటీలో వెంటనే పనికొచ్చేది ఒకటుంది. హ్యాండ్‌రబ్ చేసుకునే 30 సెకన్లలో మూడు శ్వాసలు తీయండి, నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. రోజుకు ఎన్నిసార్లు చేతులు శుభ్రం చేసుకుంటారో అన్నిసార్లు అవుతుంది. రెండోది, అనవసరపు బీప్‌లు తగ్గించండి. చెమట పట్టిన రోగి ఛాతీ మీద మానిటర్ ఎలక్ట్రోడ్ పట్టీ లేచిపోతే దొంగ అలారం మోగుతుంది. సబ్బునీటితో తుడిచి, పొడిగా ఆరనిచ్చి, రోజూ కొత్తవి అంటించండి. అలారం పరిమితులు రోగిని బట్టి మార్చమని ఇన్‌ఛార్జిని, డాక్టరును అడగండి.

నైట్‌కు వెళ్లేముందు గంటన్నర పడుకోండి. టీ, కాఫీ తెల్లవారుజామున 2 తర్వాత వద్దు. వీలైతే 3 గంటల ప్రాంతంలో 20 నిమిషాల కునుకు తీయండి, అంతకు మించితే లేచాక మత్తు వదలదు. ఇంటికొచ్చాక కర్టెన్లు మూసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోండి. డ్యూటీ దిగి కళ్లు మూతలు పడుతుంటే హైవే మీద లారీల మధ్య స్కూటీ నడపొద్దు, ఆ రోజు బస్సెక్కండి.

చూపించుకోవడానికి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి మీ విశాఖలోనే ఉంది. తెలిసినవాళ్లు చూస్తారన్న బెరుకుంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. మొదటిసారి వెళ్లేటప్పుడు ఆ కార్టిసాల్ రిపోర్టు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, క్రీముల ట్యూబులు, రెండు నెలల డ్యూటీ చార్టు వెంట తీసుకెళ్లండి.