క్రోనాలజీ అంటే ఏంది, ఎక్కడ పనికొస్తది?

క్రోనాలజీ అన్నా హిస్టరీ అన్నా ఒకటేనా, మామూలు జీవితంల దాంతోని పనేముంటది అని అడిగిన్రు కదా, నాకు తెలిసినకాడికి చెప్తా.

ఏది ముందు అయింది ఏది తర్వాత అయింది అని వరుసగ పెట్టుడే క్రోనాలజీ, పుస్తకాల్ల కాలక్రమం అని రాస్తరు. ఎందుకైంది, ఎట్లైంది అని చెప్పేది హిస్టరీ. కానీ వరుస తప్పితే ఆ ఎందుకు అనేది కూడా తప్పే అయితది. మన రామప్పనే చూడున్రి, ఆ గుడి రుద్రమదేవి కట్టించింది అనుకునేటోళ్లను మస్తుమందిని చూసిన, అక్కడి శాసనమేమో 1213 నాటిది, కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, రుద్రమ గద్దె ఎక్కింది 1262ల. అట్లనే రుద్రమ 1295 దాకా ఏలింది అని ముందు రాసేటోళ్లు, నల్లగొండ దిక్కు చందుపట్లల 1289 నవంబర్ నాటి శాసనం దొరికి అప్పటికే ఆమె చనిపోయింది అని తెలిసినంక, ఆమె తర్వాత ఏలిన ప్రతాపరుద్రుని లెక్క కూడా మారింది. ఒక్క రాయి ఇద్దరి కాలాన్ని జరిపింది అన్నట్టు.

ఇగ ఇంట్ల సంగతి. పరకాల దిక్కు మా తాతల భూమి పంచుకునేటప్పుడు ఒక మడి ఎప్పుడు అమ్మిన్రు అన్నకాడ లొల్లి అయింది. ఉన్నదల్లా ఉర్దూల రాసిన పాత కాయితం ఒకటి, దాని మీద 1360 అని ఉన్నది. మా చుట్టాలల్ల ఒకాయన అది హిజ్రీ అన్నడు, అట్లయితే 1941 అయితది. మా నాయనమ్మ మాత్రం "రజాకార్ల లొల్లి సద్దుమణిగినంక అమ్మినం, అప్పటికి మీ పెద్దబాపు ఇంకా పుట్టలే" అని ఒక్కటే మాట మీద ఉన్నది. ఆమెకు సంవత్సరం అంకె తెల్వది, ఆధార్ల అందరు ముసలోళ్లకు పెట్టినట్టు జనవరి 1 పెట్టిన్రు, కానీ ఏది ముందు ఏది వెనుక అనేది పక్కా యాదికున్నది. నిజాం కాలంల సర్కారు కాయితాలు ఫసలీల, అంటే భూమి శిస్తు లెక్కల సంవత్సరంల, రాసేది, ఆయన పాలన పోయినంక కూడా అదే నడిచింది, ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తది, అంటే 1360 ఫసలీ 1950-51 అయితది, 1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయినంక, పెద్దబాపు పుట్టకముందు, నాయనమ్మ చెప్పినకాడనే సరిగ్గ కూసున్నది. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన సర్కారు రికార్డు, తీసి చూస్తే అందుల కూడా కొన్నోళ్ల పేరే ఉన్నది. తేదీ లేకున్నా ముందు వెనుక తెలిస్తే అది కూడా క్రోనాలజీయే, నాకైతే ఆమె మాటనే ఆ కాయితం కంటే పెద్ద సాక్ష్యం అనిపించింది.

అంకె కనవడంగనే అది ఏ లెక్క అని అడగాలె. వెయ్యి స్తంభాల గుడి శాసనంల శకం 1084, చిత్రభాను, మాఘమాసం అని ఉంటది. శకానికి 78 కలుపుతం కదా, 1162 వస్తది, కానీ శక సంవత్సరం ఉగాదికి మారుతది కాబట్టి మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కల జనవరి దాటిపోతది, అందుకే అది 1163. ఉత్త చిత్రభాను అని ఉంటే ఏం తేల్చలేం, అరవై ఏండ్లకోసారి మళ్లొస్తది, మొన్న 2002-03ల కూడా వచ్చింది.

రోజూవారీ వాడకం అంటే వకీలు దగ్గరికి పోయినా డాక్టర్ దగ్గరికి పోయినా ముందు అడిగేది ఇదే, జ్వరం ముందు వచ్చిందా దద్దుర్లు ముందు వచ్చినయా అని. రెజ్యూమేల మాత్రం ఉల్టా, కొత్త ఉద్యోగం పైన, పాతది కింద.

మీరు ఇంటి సంగతులు రాసుకునేది ఉంటే కాయితం మీద ఉన్న అంకె ఉన్నట్టే రాసి పక్కన ఇంగ్లీషు సంవత్సరం వేయున్రి, తేదీ తెల్వనికాడ అందాజగ అంకె పెట్టకున్రి, ఫలానాది అయినంక, ఫలానాదానికి ముందు అని రాసి పెట్టున్రి. ఇంట్ల పెద్దోళ్లు ఉంటే ఈ పని ఇప్పుడే చేయున్రి.