కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ ఇంజినీరింగ్‌కి: మొదటి టర్మ్‌లోనే తేలిపోయే లెక్క

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అమ్మాయి హైస్కూలు పూర్తి చేసింది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌కి కోరుకున్న యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో సీటు రాలేదు. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, ఆపైన యూసీకి మారొచ్చంటున్నారు. నిజంగా రెండేళ్లలో అయిపోతుందా?

జవాబు: అవుతుంది, మంచి దారి కూడా. అయితే మన దగ్గర డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి రెండో ఏడాదిలో చేరినట్టు ఇక్కడ ప్రవేశ పరీక్ష ఉండదు. అమ్మాయి చదివిన ప్రతి కోర్సూ యూనివర్సిటీలో ఏ కోర్సుకు సరిపోతుంది, ఏ గ్రేడు వచ్చింది అన్నవే ముఖ్యం.

రెండేళ్లా మూడేళ్లా అన్నది తేల్చేది మ్యాథ్స్. కుపర్టినోలోని డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో క్వార్టర్ పద్ధతి, అంటే వేసవి కాక ఏడాదికి మూడు టర్ములు. కాల్క్యులస్ నాలుగు క్వార్టర్లు, ఆపైన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా. మొత్తం ఆరు. వేసవి తీసేస్తే రెండేళ్లలో ఉండేవీ ఆరు క్వార్టర్లే. ప్రీకాల్క్యులస్‌తో మొదలుపెడితే మూడో ఏడాది దాదాపు ఖాయం. ఒక్క కోర్సు తప్పినా వేసవిలో చదవాలి, లేదా చివర్లో రెండు మ్యాథ్స్ కలిపి మోయాలి. ఫిజిక్స్ కూడా దీని వెనకే నడుస్తుంది. కాల్క్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్ సిరీసే తీసుకోవాలి. ఆల్జీబ్రాతో చెప్పేది ఇంజినీరింగ్‌కి పనికిరాదు.

మీ ఊళ్లోనే ఉన్న ఓలోనీ కాలేజీలో సెమిస్టర్ పద్ధతి, అక్కడ కాల్క్యులస్ మూడు ముక్కలు. ఏ కాలేజీ అయినా పర్వాలేదు కానీ సిరీస్ మధ్యలో కాలేజీ మార్చొద్దు. మూడు ముక్కల్లో ఒకటి ఓలోనీలో, నాలుగింట్లో రెండు డి ఆంజాలో చదివితే కొన్ని పాఠాలు మిగిలిపోయి యూనివర్సిటీ మళ్లీ చదవమనొచ్చు.

ఇప్పుడే అసిస్ట్ వెబ్‌సైట్ తెరవండి. కాలేజీ, క్యాంపస్, బ్రాంచి ఎంచుకుంటే ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే కాలేజీ కోర్సు కనిపిస్తాయి. కుడివైపు రెండు కోర్సుల మధ్య ‘అండ్’ ఉంటే రెండూ చదవాలి. ఒకటే చదివితే ఆ వరుస మొత్తం పోతుంది. చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటే దానికి సమానమైన కోర్సు ఆ కాలేజీలో లేదన్నమాట. ఒక్క క్యాంపస్‌తో ఆగకుండా మూడు నాలుగు చూడండి. ప్రోగ్రామింగ్, సర్క్యూట్స్ విషయంలో అందరూ ఒకటే అడగరు.

జనరల్ ఎడ్యుకేషన్, అంటే ఏ బ్రాంచి వాళ్లకైనా ఉండే సాధారణ కోర్సులు, మొత్తం ముందే ముగించేయాలన్న తొందర వద్దు. ఇంగ్లిష్ రెండు కోర్సులు, కనీస అర్హతకు కావలసినవి చాలు. ఇంజినీరింగ్‌కి మేజర్ ప్రిపరేషన్‌దే, అంటే బ్రాంచికి కావలసిన మ్యాథ్స్, ఫిజిక్స్ వంటి కోర్సులదే పైచేయి. మారేనాటికి 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు), అంటే 90 క్వార్టర్ యూనిట్లు ఉండాలి.

ట్యాగ్ అనే సీటు హామీ ఆరు యూసీలలోనే ఉంది. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలలో లేదు. శాంటా బార్బరా ఇస్తుంది కానీ అక్కడి ఇంజినీరింగ్ కాలేజీకి కాదు. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబరులో, ఒక్క క్యాంపస్‌కే. అసలు యూసీ దరఖాస్తు నవంబరు నెలాఖరుకల్లా, అంటే చేరడానికి దాదాపు ఏడాది ముందు. అప్పటికి ఇంకా చదవని కోర్సులను ‘ప్లాన్డ్’ అని రాస్తారు. జనవరిలో గ్రేడ్లు అప్‌డేట్ చేయాలి.

ముఖ్యమైన కోర్సులన్నీ చేరే ముందటి స్ప్రింగ్‌లోపు ముగియాలి. చేరబోయే ముందు వచ్చే ఆ చివరి వేసవిలో చదువుతానంటే ఇంజినీరింగ్‌లో సాధారణంగా ఒప్పుకోరు. సీటు వచ్చాక స్ప్రింగ్‌లో ఒక కోర్సు వదిలేసినా, డీ గ్రేడు వచ్చినా ఆ సీటు రద్దు కావచ్చు. అలాంటి పరిస్థితి వస్తే కోర్సు వదిలేసే ముందే క్యాంపస్ అడ్మిషన్స్ ఆఫీసుకు రాసి అడగండి.