క్లినిక్ స్టాఫ్‌కి డిసెంబర్ కానుక: గిఫ్ట్ కార్డు కంటే ముందు చూడాల్సిన లెక్క

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. నేను డెంటిస్టుని. నాలుగేళ్ల కిందట సొంతంగా చిన్న ప్రాక్టీస్ పెట్టాను. అది ఎస్ కార్పొరేషన్‌గా (లాభం మీద పన్ను ఓనర్ సొంత రిటర్న్‌లో కట్టే కంపెనీగా) నడుస్తోంది. పళ్లు శుభ్రం చేసే ఇద్దరు హైజీనిస్టులు (గంటకు 48 డాలర్లు), ఇద్దరు అసిస్టెంట్లు (24), ఫ్రంట్ డెస్క్‌లో ఇద్దరు (23) ఉన్నారు. అందరికీ గంటల లెక్కనే జీతం. ఈ ఏడాది బాగానే గడిచింది కాబట్టి డిసెంబర్‌లో అందరికీ ఏదో ఒకటి ఇద్దామని 10,000 డాలర్లు పక్కన పెట్టాను. స్టాఫ్‌కి తలా 500 డాలర్ల గిఫ్ట్ కార్డు, ఒక చారిటీకి 5,000, మిగతా 2,000తో పేషెంట్లకు, మాకు కేసులు పంపే డాక్టర్లకు కానుకలు అనుకుంటున్నాను. పేషెంట్లకు ఈ నెల కోపే (ఇన్సూరెన్స్ ఉన్నా పేషెంట్ తన వంతుగా కట్టే వాటా) మాఫీ చేద్దామని కూడా ఉంది. డిసెంబర్ 25 నుంచి జనవరి 1 వరకు క్లినిక్ మూసేస్తాం. క్రిస్మస్, న్యూ ఇయర్ రోజులకు జీతం ఇస్తాం, మధ్యలో నాలుగు పని రోజులకు ఇవ్వం. మావారు ఐటీలో పనిచేస్తారు. ఇదంతా బిజినెస్ ఖర్చే, పన్నులో రాసేసుకోవచ్చు అంటున్నారు. నిజమేనా?

జవాబు: డాక్టర్ గారూ, మీవారి మాట సగమే నిజం. స్టాఫ్‌కి ఇచ్చేది బిజినెస్ ఖర్చే. చారిటీకి ఇచ్చేది కాదు. డాక్టర్లకు పంపే కానుకల్లో కొంత భాగమే ఖర్చు కింద చెల్లుతుంది. ఇక పేషెంట్ల విషయంలో పన్ను కంటే పెద్ద చిక్కే ఉంది. అవన్నీ చెబుతాను కానీ, మీరు ఉత్తరం చివర్లో యథాలాపంగా రాసిన సంగతి ఒకటుంది: మధ్యలో నాలుగు రోజులకు జీతం ఇవ్వం అన్నారు. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది.

మీ అసిస్టెంట్ వైపు నుంచి లెక్క వేసి చూడండి. గంటకు 24, రోజుకు 8 గంటలు, నాలుగు రోజులు. అంటే 768 డాలర్లు తగ్గిన చెక్కు ఆమెకు జనవరి మొదట్లో చేతికొస్తుంది. అద్దె కట్టాల్సింది కూడా అప్పుడే. మీరిచ్చే గిఫ్ట్ కార్డు 500. అది కూడా పూర్తిగా 500 కాదు, ఎందుకో కింద చెబుతాను. మీకు తెలియకుండానే సెలవుల పేరుతో ఆమె దగ్గర తీసుకున్నది ఎక్కువ, కానుకగా ఇస్తున్నది తక్కువ అవుతోంది. చట్టపరంగా మీ తప్పేం లేదు. పని చేయని పండగ రోజులకు జీతం ఇవ్వాలని ఫెడరల్ చట్టంలో ఎక్కడా లేదు. కొందరు ఓనర్లు ఆ రోజులకు పీటీవో (జీతంతో కూడిన సెలవు) వాడుకోమంటారు. అదీ స్టాఫ్ సొంత సెలవే కదా.

పైగా డెంటల్‌లో డిసెంబర్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్సూరెన్స్‌లో వార్షిక పరిమితి డిసెంబర్ 31తో అయిపోతుందని ఏడాదంతా వాయిదా వేసిన క్రౌన్లన్నీ (పంటి తొడుగుల పనులు) ఆ మూడు వారాల్లోనే వచ్చి పడతాయి. ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నావిడ ఒక చెవికి ఫోన్ ఆనించి ఇన్సూరెన్స్ వాళ్ల హోల్డ్ మ్యూజిక్ వింటూనే ఎదురుగా నిలబడ్డ పేషెంట్‌కి ఎస్టిమేట్ ప్రింట్ తీసిస్తుంటుంది. అందరూ వెళ్లాక కూడా ఆటోక్లేవ్ (పరికరాలను శుద్ధిచేసే మెషిన్) దగ్గర ఒక అసిస్టెంట్ మిగులుతుంది. అంత పని చేయించుకుని ఆ నెలాఖరున నాలుగు రోజుల జీతం తగ్గించడం నాకైతే నచ్చదు.

కాబట్టి నా సలహా ఏంటంటే, ముందు ఆ నాలుగు రోజులకు జీతం ఇవ్వండి. మీరు రాసిన రేట్ల ప్రకారం ఆరుగురికి కలిపి గంటకు 190 డాలర్లు, రోజుకు 1,520, నాలుగు రోజులకు 6,080. ఓనర్‌గా మీరు కట్టాల్సిన సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) పన్నుల వాటా 7.65 శాతం కలిపితే దాదాపు 6,545. తర్వాత తలా 500 బోనస్, ఆ 3,000 మీద మీ వాటా ఇంకో 230. అంతా కలిపి 9,775 అవుతుంది. మీ 10,000లో ఇంకా 225 మిగులుతుంది. మరి చారిటీకి 5,000 ఎక్కడిది అంటారా? అది క్లినిక్ ఖాతాలోంచి రాకూడదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

గిఫ్ట్ కార్డు అన్నారు కదా, దాన్ని మానేయండి. చిన్న క్లినిక్‌లలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) దృష్టిలో నగదు, గిఫ్ట్ కార్డు రెండూ ఒకటే. 25 డాలర్ల కార్డయినా సరే అది జీతమే. పేరోల్‌లో చూపాలి, డబ్ల్యూ-2లో (ఉద్యోగికి ఏటా ఇచ్చే జీతం ఫారంలో) రావాలి. కార్డు చేతికిచ్చి ఖర్చును ఆఫీస్ సప్లయిస్ కింద రాసేస్తే రేపు ఆడిట్‌లో దొరికేది మీరే. పూలగుత్తో, చాక్లెట్ డబ్బానో ఇస్తే ఈ గొడవ ఉండదు. అలాంటి చిన్న వస్తువులకు మినహాయింపు ఉంది. స్టాఫ్ అందరికీ కలిపి చేసే హాలిడే పార్టీ ఖర్చు కూడా పూర్తిగా చెల్లుతుంది.

500 బోనస్‌ని పేరోల్‌లో వేస్తే చేతికి ఎంతొస్తుంది? బోనస్‌లకు మామూలుగా ఫెడరల్ ట్యాక్స్ 22 శాతం పట్టుకుంటారు, దాంతోపాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌కి ఉద్యోగి వాటా 7.65 శాతం పోతుంది. మిగిలేది సుమారు 352, స్టేట్ ట్యాక్స్ ఉంటే ఇంకాస్త తక్కువ. చేతికి కచ్చితంగా 500 అందాలనుకుంటే దాదాపు 711 వేయాలి. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి గ్రాస్ అప్ అనే ఆప్షన్ ఉంటుంది. నాలుగు రోజుల జీతం కూడా ఇస్తున్నారు కాబట్టి ఈసారికి గ్రాస్ అప్ చేయకపోయినా పర్వాలేదు. కాకపోతే ముందే చెప్పండి. 500 అని విని అకౌంట్లో 352 చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. 401(కె) ప్లాన్ (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) పెట్టి ఉంటే బోనస్ మీద కూడా మ్యాచ్ (మీరు కలిపే వాటా) ఇవ్వాల్సి రావచ్చు, ప్లాన్ డాక్యుమెంట్‌లో జీతం అంటే ఏవేవి కలుస్తాయో చూడండి.

ఎవరికెంత అనే దగ్గర నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. ఆరుగురున్న క్లినిక్‌లో ఎవరి కవర్లో ఎంతుందో లంచ్ టైమ్‌కల్లా అందరికీ తెలిసిపోతుంది. హైజీనిస్టుకు ఎక్కువ, ఇన్‌స్ట్రుమెంట్లు కడిగే అమ్మాయికి తక్కువ అంటే అది కృతజ్ఞతలా ఉండదు, గ్రేడింగ్‌లా ఉంటుంది. అందరికీ సమానంగా ఇవ్వండి. ప్రొడక్షన్ టార్గెట్లకు (ఇంత పని, ఇంత బిల్లు చేయాలన్న లక్ష్యాలకు) ముడిపెట్టకండి. పెడితే ఇంకో తలనొప్పి కూడా ఉంది: ఇంత చేస్తే ఇంత ఇస్తామని ముందే మాటిచ్చిన బోనస్‌ని ఓవర్‌టైమ్ రేటు లెక్కలో కలపాలి. పని గంటలతో, ప్రొడక్షన్‌తో సంబంధం లేకుండా పండక్కి ఇచ్చే కానుకను కలపక్కర్లేదు.

కవర్లో మీ చేత్తో నాలుగు వాక్యాలు రాసి పెట్టండి. మీ కృషికి ధన్యవాదాలు అని రాస్తే ఎవరూ దాచుకోరు. ఆగస్టులో ఏడుస్తున్న పిల్లాడిని కుర్చీ ఎక్కించింది ఎవరో, తిరస్కరించిన క్లెయిమ్‌ను పట్టువదలకుండా మళ్లీ పంపి డబ్బు రప్పించింది ఎవరో మీకు గుర్తుంటుంది. అది రాయండి.

ఇక పేషెంట్లు. కోపే మాఫీ ఆలోచన మంచి మనసుతోనే వచ్చి ఉంటుంది కానీ దయచేసి చేయకండి. కోపే అనేది ఇన్సూరెన్స్ కంపెనీతో మీరు చేసుకున్న ఒప్పందంలో భాగం. పేషెంట్ దగ్గర తీసుకోకుండా, కంపెనీకి మాత్రం పూర్తి ఫీజు చూపించి క్లెయిమ్ పంపితే, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. చాలా రాష్ట్రాల్లో దాన్ని ఇన్సూరెన్స్ మోసంగా చూస్తారు. నిజంగా కష్టాల్లో ఉన్న ఒక పేషెంట్‌కి, వాళ్ల పరిస్థితి ఫైల్‌లో రాసుకుని, విడిగా తగ్గించడం వేరు. డిసెంబర్ ఆఫర్ అని బోర్డు పెట్టడం వేరు.

మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న పిల్లల్ని చూస్తున్నట్లయితే కానుకలకూ హద్దుంది. ఫెడరల్ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు చెప్పిన ప్రకారం మెడికేర్, మెడికెయిడ్ పేషెంట్‌కి ఇచ్చే వస్తువు విలువ ఒక్కోటి 15 డాలర్లు, ఏడాది మొత్తం మీద 75 డాలర్లు దాటకూడదు. నగదు గానీ, నగదులా వాడుకునే గిఫ్ట్ కార్డు గానీ అసలే ఇవ్వకూడదు. కొత్త పేషెంట్‌ని తీసుకొచ్చినవాళ్లకు బహుమతి లాంటి పథకాలు ఇంకా ప్రమాదం. మంచి టూత్‌బ్రష్, ఒక గ్రీటింగ్ కార్డు చాలు. ఆ కార్డును కవర్లో పెట్టి పంపండి, అందులో ట్రీట్‌మెంట్ ప్రస్తావన వద్దు. రూట్ కెనాల్ బాగా జరిగినందుకు సంతోషం అని పోస్ట్‌మన్ కూడా చదివేలా పోస్ట్‌కార్డు వేస్తే హిపా (పేషెంట్ల వివరాల గోప్యత చట్టం) ఒప్పుకోదు. పేషెంట్ల ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి.

కేసులు పంపే డాక్టర్ల విషయం చిన్నదే. బిజినెస్ కానుకల్లో ఖర్చు కింద చెల్లేది మనిషికి ఏడాదికి 25 డాలర్లు. 1962లో పెట్టిన పరిమితి అది, ఇప్పటికీ అంతే. ప్యాకింగ్, పోస్టేజ్ ఇందులోకి రావు. దానికంటే ముఖ్యం, ఎవరు ఎన్ని కేసులు పంపారన్న లెక్కతో బుట్ట సైజు మారకూడదు. మెడికెయిడ్ డబ్బు ప్రమేయం ఉన్నచోట యాంటీ కిక్‌బ్యాక్ చట్టం (కేసులు పంపినందుకు ప్రతిఫలం ఇవ్వడాన్ని నిషేధించేది) ఉంటుంది, అందులో క్రిమినల్ శిక్షలున్నాయి. పై 225లోంచి వాళ్ల ఆఫీసు మొత్తానికి కలిపి చిన్న చాక్లెట్ డబ్బా పంపితే సరిపోతుంది. 2,000 ఖర్చు పెట్టేంత అవసరం ఇక్కడ లేదు.

ఇప్పుడు చారిటీ. ఎస్ కార్పొరేషన్ ఇచ్చే విరాళం కంపెనీ ఖర్చు అవ్వదు. కె-1 (కంపెనీ లెక్కలో ఓనర్ వాటా చూపే ఫారం) ద్వారా మీ సొంత రిటర్న్‌లోకే వస్తుంది. అక్కడ మీరు ఐటమైజ్ చేస్తేనే (తగ్గింపులను విడివిడిగా చూపిస్తేనే) ఉపయోగం. 2026లో దంపతుల స్టాండర్డ్ డిడక్షన్ (విడిగా లెక్క చూపకుండానే దొరికే తగ్గింపు) 32,200 డాలర్లు. ఇంటి లోన్ వడ్డీ, స్టేట్ ట్యాక్స్, విరాళాలు కలిపి అది దాటితేనే ఐటమైజ్ చేయడంలో అర్థముంది. దాటకపోతే 2026 నుంచి దంపతులకు 2,000 డాలర్ల వరకు నగదు విరాళాన్ని విడిగా తగ్గించుకునే వీలొచ్చింది.

ఐటమైజ్ చేసేవాళ్లకు అదే ఏడాది నుంచి ఒక కోత కూడా వచ్చింది. మీ సర్దుబాటు ఆదాయంలో మొదటి 0.5 శాతం వరకు ఇచ్చిన విరాళం లెక్కలోకి రాదు. ఉదాహరణకు మీ ఇద్దరి ఆదాయం 4,00,000 అనుకుంటే మొదటి 2,000 పోతుంది. ఏటా 5,000 చొప్పున మూడేళ్లిస్తే 9,000కే ప్రయోజనం. అదే 15,000 ఒకే ఏడాది డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో (విరాళం ముందే వేసి, చారిటీలకు తర్వాత పంపించే ఖాతాలో) వేసి, చారిటీకి మూడేళ్లపాటు కొంచెం కొంచెంగా పంపితే 13,000కి ప్రయోజనం.

మీవారు ఐటీలో ఉన్నారన్నారు. కంపెనీ షేర్లు వెస్ట్ అయ్యి (ఆయన సొంతమై) ఏడాది దాటి, ధర పెరిగి ఉంటే వాటినే ఇవ్వండి, నగదు వద్దు. వెస్ట్ అయినప్పుడు 2,000 ఉన్న షేర్లు ఇప్పుడు 5,000 అయితే, అమ్మితే 3,000 లాభం మీద 15 శాతం చొప్పున కనీసం 450 పన్ను కట్టాలి. షేర్లనే నేరుగా చారిటీకి బదిలీ చేస్తే ఆ పన్ను ఉండదు, ఐటమైజ్ చేస్తే పూర్తి 5,000 విరాళంగా లెక్కకొస్తుంది (పైన చెప్పిన 0.5 శాతం కోత దీనికీ ఉంటుంది). ఇంకో మాట, ఉద్యోగి ఇచ్చినంతకు తామూ కలిపి ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. మీవారి కంపెనీలో ఆ మ్యాచింగ్ ఉందేమో, ఫండ్ ద్వారా ఇస్తే వర్తిస్తుందో లేదో హెచ్‌ఆర్‌ని ముందే అడగమనండి. ఉంటే మీ 5,000 కాస్తా చారిటీకి 10,000గా అందొచ్చు. క్లినిక్ చెక్కు రాస్తే ఆ అవకాశం పోతుంది. తీసుకునే సంస్థ 501(సి)(3) (పన్ను చట్టం గుర్తించిన అమెరికా చారిటీ) అయ్యుండాలి. ఇండియాలోని ట్రస్టుకు నేరుగా పంపితే ఇక్కడ పన్ను మినహాయింపు రాదు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినదానికి సంస్థ నుంచి రాతపూర్వక రసీదు తప్పనిసరి.

మీరు అడగలేదు కానీ, డబ్బు కాకుండా మీ చేతి పనే ఇవ్వాలనుకుంటే దానికి డిసెంబర్ సరైన నెల కాదు, కుర్చీలు ఖాళీ ఉండవు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వాళ్ల గివ్ కిడ్స్ ఎ స్మైల్ కార్యక్రమం ఫిబ్రవరిలో మొదలవుతుంది, పిల్లలకు ఉచితంగా చూస్తారు. మీ శ్రమ విలువకు పన్ను మినహాయింపు లేదని మాత్రం గుర్తుంచుకోండి. 1,200 ఫీజు వదులుకున్నా అది విరాళం కింద రాదు. వాడిన మెటీరియల్ ఎలాగూ క్లినిక్ ఖర్చులోనే ఉంటుంది. ఆ రోజు వచ్చే స్టాఫ్‌కి జీతం ఇవ్వడం మర్చిపోకండి.

వచ్చే ఏడాదికి ఒక ఆలోచన. మీ స్టాఫ్‌లో ఎవరికైనా స్టూడెంట్ లోన్ ఉంటే, ఏడాదికి 5,250 డాలర్ల వరకు (2026 పరిమితి) క్లినిక్ కట్టొచ్చు. వాళ్లకు దాని మీద ఆదాయపు పన్ను పడదు, మీకు ఖర్చు కింద చెల్లుతుంది. దానికి రాతపూర్వక ప్లాన్ ఉండాలి, అర్హులందరికీ ఒకేలా వర్తించాలి. జనవరిలో మీ సీపీఏ (అకౌంటెంట్) కాస్త ఖాళీగా ఉండగానే అడగండి, ఫిబ్రవరి దాటితే ఆయన దొరకరు.

ఈ 10,000 కదిలించే ముందు బ్యాంకు బ్యాలెన్స్ ఒకసారి చూడండి. డిసెంబర్‌లో చేసిన పనికి ఇన్సూరెన్స్ డబ్బు చాలావరకు జనవరిలో గానీ రాదు. జనవరి 15న మీ నాలుగో క్వార్టర్ ఎస్టిమేటెడ్ ట్యాక్స్ (అంచనా మీద కట్టే పన్ను వాయిదా) ఉంది. ఆ పన్ను, ఒక నెల పేరోల్ విడిగా ఉన్నాయంటే ధైర్యంగా ముందుకెళ్లండి. లేకపోతే బోనస్‌ని 300కు తగ్గించండి, నాలుగు రోజుల జీతం మాత్రం తగ్గించకండి. షేర్ల బదిలీకి డిసెంబర్ మొదటి వారంలోనే ఫారం పెట్టించండి, నెలాఖరున బ్రోకరేజీల దగ్గర రద్దీ ఉంటుంది. చారిటీ ఖాతాలోకి షేర్లు డిసెంబర్ 31లోపు చేరితేనే ఈ ఏడాది లెక్క. బోనస్ కూడా అంతే, పేరోల్ కంపెనీకి సెలవుల ముందు కటాఫ్ తేదీ ఉంటుంది, ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి.