వరద చేరిన చేదబావి: బ్లీచింగ్ వేసే లెక్క

అన్నా, పరకాల దిక్కు మీ చేదబావిలో వాగు నీళ్లు చేరాయని, బ్లీచింగ్ పొడి చల్లినా వాసన పోలేదని రాశారు. బురద ఉండగా వేస్తే పొడిలోని క్లోరిన్‌ను ఆ బురదే తినేస్తుంది. ముందు మడ్డి నీళ్లు తోడెయ్యండి, మెల్లగా. ఒక్కసారే ఖాళీ చేస్తే నానిన ఒరలు కూలొచ్చు. ఎవర్నీ లోపలికి దింపకండి, ఊపిరాడక ప్రాణం పోతుంది.

ఊట తేరాక లెక్క కట్టండి. గుండ్రటి బావి వెడల్పు 2 మీటర్లు, నీళ్ల లోతు 5 మీటర్లైతే 15,700 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున దాదాపు 40 గ్రాములు. పొడిని బకెట్లో ముద్దగా కలిపి, ముప్పావు దాకా నీళ్లు పోసి, 10 నిమిషాలు ఆగండి. అడుగున తెల్లగా సున్నం దిగుతుంది, అది బావిలో వద్దు. పై తేటనే బొక్కెనలోకి వంచుకుని, బావిలోకి దించి, నీళ్లలో పైకీ కిందికీ గట్టిగా ఆడించండి. గంటయ్యాక క్లోరిన్ వాసన లేకుంటే మళ్లీ వేయాలి. గడ్డకట్టిన పాత పొడిలో సత్తువ ఉండదు. కొన్నాళ్లు కాచి చల్లార్చే తాగండి.