రెండు తెరల ఫోను కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రెండు తెరల ఫోను కొంటే ప్రయాణాల్లో ల్యాప్‌టాప్ మోసే బాధ తప్పుతుందా అని అడిగావు. కొన్నేళ్లుగా అలాంటి ఫోనులోనే లెక్కల పని చేసుకుంటున్నాను కనుక, నాకు తెలిసింది చెబుతాను. ఒకటి చూస్తూ ఇంకొకటి రాయవలసిన పని నీకు రోజూ ఉంటేనే ఈ ఫోను అక్కరకు వస్తుంది.

ఒక తెర ఫోనులో బిల్లు చూసి, అంకెను మనసులో పెట్టుకుని, షీటులోకి మారి టైపు చేసేసరికి 4,680 కాస్తా 4,860 అయి కూర్చునేది. ఆ ఒక్క తారుమారుతో మొత్తం కలవక, బిల్లులన్నీ మళ్లీ మొదటినుంచి సరిచూసుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఎడమ తెరమీద బిల్లు, కుడి తెరమీద షీటు ఉంటాయి కనుక అంకెను గుర్తుపెట్టుకోవలసిన అవసరమే లేదు. తెరను రెండుగా చీల్చే సదుపాయం 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచే ఉంది కదా అని నువ్వు అడగవచ్చు. ఉంది, కానీ కీబోర్డు పైకి రాగానే మిగిలిన చోటులో నాలుగైదు వరుసలకు మించి కనబడవు. రెండు తెరలున్నప్పుడు కీబోర్డు ఒకదాన్ని ఆక్రమించినా, రెండోది నిండుగా అలాగే నిలిచి ఉంటుంది.

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ డ్యుయోలో 5.6 అంగుళాల తెరలు రెండు, మధ్యలో కీలు ఉంటాయి. అంతకు ముందు ఏడాది ఎల్‌జీ తన వి50, జీ8ఎక్స్ ఫోన్లకు రెండో తెరను కవరులో అమర్చి ఇచ్చింది. శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్ వంటివాటిలో లోపలి తెర ఒక్కటే, అదే మడత పడుతుంది. రెండు యాప్‌లను పక్కపక్కన పెట్టుకునేవాళ్లకు కీలు మంచి హద్దు. వెడల్పయిన పట్టికలు చూసేవాళ్లకు మాత్రం అదే అడ్డు: ఒకసారి షీటును రెండు తెరలమీదా పరిస్తే, ఒక అంకె సరిగ్గా కీలు దగ్గర విరిగి సగం ఇటు, సగం అటు పడగా తప్పు చదివాను. నీ పని అటువంటిదయితే మడత తెర తీసుకో.

ధర తక్కువని పాత ఫోను మీద మనసు పడకు. ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారమే మానుకుంది. మొదటి డ్యుయోకు 2023 సెప్టెంబరుతో అప్‌డేట్లు ఆగిపోయాయి. కీలు ఎంత గట్టిగా ఉన్నా, భద్రతా అప్‌డేట్లు రాని ఫోనులో బ్యాంకు, ఆఫీసు ఖాతాలు తెరవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో కనుక్కున్నాకే మిగతా విషయాలు ఆలోచించు.

కొన్నాక, రోజూ జంటగా వాడే రెండు యాప్‌లను ఒకే తాకుతో తెరుచుకునేలా జత చేసి పెట్టుకో. ఫోను విప్పగానే పనిలో పడతావు. రెండో తెరను చాటింగుకు వదిలేయకు, ఎందుకంటే కంటి చివర కదిలే ప్రతి సందేశమూ చేతిలోని లెక్కను చెడగొడుతుంది. రెండు తెరలూ వెలిగితే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కనుక, చదవడం వరకే అయితే ఒకటి మూసెయ్యి. పెద్ద నివేదికలు రాయాలంటే చిన్న బ్లూటూత్ కీబోర్డు వెంట ఉంచుకో; గాజుమీద గంటలతరబడి టైపు చేస్తే వేళ్లు నొప్పి పుడతాయి.

అన్నిటికంటే ముందు, ఇప్పుడున్న ఫోనుతోనే ఒక వారం పనిచేస్తూ, ఒక యాప్ నుంచి మరొకదానికి మారవలసి వచ్చిన ప్రతిసారీ ఆ రెండింటి పేర్లూ ఒక కాగితం మీద రాసిపెట్టు. ఒకే జంట మళ్లీ మళ్లీ కనబడితే ఆ కాగితం నాకు పంపు. ఏ రకం ఫోను నీకు సరిపోతుందో అది చూసి చెబుతాను.

మీ మామయ్య